చిన్నాయన మాత్రలు నాయనకు పనికొస్తాయా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావాళ్లకు కూడా సంగతి తెలియాలి కదా. ఆదోనిలో జిన్నింగ్ మిల్లులో పనిచేసే మీ నాయనకు 61 ఏళ్లు. బైకు మీద నుంచి పడి తుంటి ఎముక విరిగితే కర్నూలులో ఆపరేషన్ చేశారు. మూడో వారంలో ఎడమ కాలు తొడ దాకా వాచింది. డాప్లర్ (నాళాల్లో నెత్తురు పారడం చూసే స్కాన్) తీసి, సిరలో రక్తం గడ్డకట్టిందన్నారు. పొట్ట మీద ఇంజెక్షన్లు ఇస్తూ, వాటితో పాటే అసిట్రోమ్ మాత్రలు మొదలుపెట్టారు. అనంతపురంలో ఉండే మీ చిన్నాయనకు ఎనిమిది నెలల కిందట గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. ఆయన ఎకోస్ప్రిన్ (అంటే ఆస్పిరిన్), క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. ఇద్దరిదీ రక్తం గడ్డకట్టిన జబ్బే కదా, అసిట్రోమ్‌కు మాటిమాటికీ రక్తపరీక్షకని కర్నూలుకు తిరగలేక చస్తున్నాం, చిన్నాయన దగ్గర మిగిలిన రెండు స్ట్రిప్పులు నాయనకు వేస్తే సరిపోదా అన్నది మీ ప్రశ్న. దాంతో పాటు ఇంకో రెండు: వాచిన కాలికి నూనె పెట్టి తోమొచ్చా? మీ బంధువు ఒకరు చెప్పిన ప్యాకేజీలో మీకు కూడా ‘రక్తం చిక్కబడే’ పరీక్షలు అవసరమా?

వేయొద్దు. అసిట్రోమ్ మానేసి అవి వేసినా తప్పే, అసిట్రోమ్‌తో కలిపి వేస్తే ఇంకా పెద్ద తప్పు. మొదటి పద్ధతిలో కాలిలో గడ్డ పెరుగుతుంది, రెండో పద్ధతిలో కడుపులోనో మెదడులోనో నెత్తురు కారే ప్రమాదం పెరుగుతుంది. ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగైన కథ. నేను మందులు రాసే డాక్టరును కాను. ముప్పై ఏళ్లకు పైగా పాథాలజీ పాఠాలు చెప్పి, శవపరీక్ష బల్ల పక్కన, మైక్రోస్కోపు ముందు గడిపి రిటైరయినవాణ్ణి. మందు మోతాదు విషయంలో మీ నాయనను చూస్తున్న డాక్టరు మాటే మాట. గడ్డ ఎలా ఉంటుందో మాత్రం నేను చెప్పగలను, చేత్తో పట్టుకుని చూశాను కాబట్టి.

మెడికల్ కాలేజీలో రెండో సంవత్సరం పిల్లలు మొదటిసారి గుండె కోసి చూసినప్పుడు లోపల గడ్డ కనిపించగానే ‘సార్, క్లాట్!’ అని సంబరపడేవాళ్లు. పది సార్లలో తొమ్మిది సార్లు అది చావుకు కారణమైన గడ్డ కాదు, చనిపోయాక కట్టిన గడ్డ. మేక నెత్తురు గిన్నెలో పట్టి పక్కన పెడితే ఎలా పేరుకుంటుందో అలాంటిది. ఎర్రకణాలు బరువుకు కిందికి దిగుతాయి కాబట్టి అడుగున నల్లెరుపుగా, పైన కోడి కొవ్వులాగా పచ్చగా ఉంటుంది. పట్టుకుంటే జారుతుంది, నాళం గోడను అంటుకోదు, లాగితే నాళం అచ్చుతో మొత్తంగా ఊడి వస్తుంది.

బతికున్న మనిషిలో, పారుతున్న నెత్తురులో కట్టిన గడ్డ వేరే. అది ఎక్కడో ఒక చోట గోడకు పట్టుకుని ఉంటుంది. పొడిగా ఉంటుంది, వంచితే విరుగుతుంది. అడ్డంగా కోసి చూస్తే తెల్ల గీత, ఎర్ర గీత, తెల్ల గీత, ఎర్ర గీత. వీటిని జాన్ గీతలంటారు. తెల్ల గీతలో ప్లేట్‌లెట్లూ (గాయానికి అంటుకునే అతి చిన్న రక్తకణాలు), ఫైబ్రిన్ పోగులూ (గడ్డను పట్టి ఉంచే ప్రోటీన్ దారాలు), ఎర్ర గీతలో ఎర్రకణాలూ. వంక ఎండిపోయాక ఇసుకలో మిగిలే అలల గుర్తుల్లాగా ఉంటాయి. ఆ గీతలు కనిపిస్తే, ఆ గడ్డ కట్టేటప్పుడు గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉందని అర్థం. పిల్లలకు ఇది చూపించిన రోజు గది నిశ్శబ్దమైపోయేది.

ఈ గీతల్లో తెల్లది ఎంత, ఎర్రది ఎంత అన్న దగ్గరే మీ నాయన జబ్బు, చిన్నాయన జబ్బు విడిపోతాయి. గుండె నుంచి జోరుగా వచ్చే ధమనిలో కట్టిన గడ్డలో తెల్ల భాగం ఎక్కువ, అంటే ప్లేట్‌లెట్లు ఎక్కువ. నెమ్మదిగా గుండెకు తిరిగి వెళ్లే సిరలో కట్టిన గడ్డ దాదాపు అంతా ఎరుపే. ఫైబ్రిన్ వల వేసుకుని అందులో ఎర్రకణాలను పట్టుకున్నట్టు ఉంటుంది, గీతలు కూడా అంత స్పష్టంగా కనిపించవు. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ ప్లేట్‌లెట్లను పట్టి ఆపే మందులు. అసిట్రోమ్, హెపారిన్ (పొట్ట మీద ఇచ్చే ఇంజెక్షన్) ఫైబ్రిన్ వల అల్లకుండా ఆపే మందులు. చేపల వలకూ పిట్టల ఉచ్చుకూ ఉన్నంత తేడా ఉంది.

చిన్నాయన సంగతి ముందు చూద్దాం. గుండెకు నెత్తురిచ్చే ధమని లోపలి గోడకు ఒకే ఒక్క వరుస కణాలు అస్తరులా ఉంటాయి, ఎండోథీలియం అంటారు. దీన్ని మనం గోడకు వేసిన సున్నంలా అనుకుంటాం గానీ అది రాత్రీ పగలూ పనిచేసే పొర. ప్లేట్‌లెట్లు తనను అంటుకోకుండా నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్ లాంటివి తయారుచేసి వదులుతూ ఉంటుంది. ఈ నైట్రిక్ ఆక్సైడ్ సంగతి కనిపెట్టిన ముగ్గురికి 1998లో నోబెల్ వచ్చింది. బీపీ, షుగర్, బీడీ పొగ, చెడ్డ కొలెస్ట్రాల్ ఈ పొరను ఏళ్ల తరబడి గాయపరుస్తాయి. పొర కిందికి కొవ్వు చేరుతుంది, దాన్ని తినడానికి తెల్లకణాలు వస్తాయి, తిని తిని నురగలా ఉబ్బి అక్కడే చచ్చిపోతాయి. ఇదేదో యాభై దాటాక మొదలయ్యేది కాదు. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికా సైనికుల గుండెలు కోసి చూసి 1953లో రాశారు. వాళ్ల సగటు వయసు 22. అయినా నలుగురిలో ముగ్గురి ధమనుల్లో ఈ జబ్బు ఏదో ఒక మేరకు కంటికి కనిపించింది.

ముదిరిన ధమనిని కత్తెరతో కోస్తే కరకరమంటుంది, గుడ్డు పెంకు నలిగినట్టు. సున్నం చేరి ఉంటుంది. లోపల ఒత్తితే పచ్చటి ముద్ద బయటికి వస్తుంది. అథెరోమా అన్న పేరుకు గ్రీకులో మూలం జావ అనే అర్థమున్న మాట. చిక్కటి అంబలి చూసినవాళ్లకు ఆ పేరు ఎందుకు పెట్టారో విడిగా చెప్పనక్కర్లేదు. మైక్రోస్కోపు కింద ఆ ముద్దలో సూదుల ఆకారంలో ఖాళీలు కనిపిస్తాయి. అవి కొలెస్ట్రాల్ స్ఫటికాలు ఉన్న జాగాలు. స్లైడు తయారుచేసేటప్పుడు వాడే ద్రవాల్లో కొలెస్ట్రాల్ కరిగిపోతుంది, దాని ఆకారం మాత్రం మిగులుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. కొవ్వు పేరుకుని పేరుకుని పైపు మూసుకుపోతే గుండెపోటు వస్తుందనుకుంటారు. చాలాసార్లు జరిగేది అది కాదు. ఆ అంబలి ముద్ద మీద పీచు మూత ఒకటి ఉంటుంది. అది మందంగా ఉంటే మనిషి మెట్లెక్కినప్పుడు ఆయాసపడతాడేమో గానీ బతుకు బండి లాగుతాడు. మూత పల్చబడి 65 మైక్రాన్ల లోపుకు, అంటే ఇంచుమించు మన తల వెంట్రుక మందానికి వస్తే, ఒకరోజు చిట్లుతుంది. లోపలి ముద్ద నెత్తురుకు తగులుతుంది. పారే నెత్తురుకు అది గాయం కిందే లెక్క. చెయ్యి తెగితే ఏం చేస్తుందో ఇక్కడా అదే చేస్తుంది. ముందు ప్లేట్‌లెట్లు పరుగున వచ్చి అంటుకుంటాయి, ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి, నిమిషాల్లో దారి మూసుకుపోతుంది. చిట్లక ముందు అక్కడ అడ్డంకి సగం కూడా లేనివాళ్లు ఉంటారు. నెల కిందట ఈసీజీ బాగుందన్న మనిషికి గుండెపోటు ఎలా వచ్చిందని మనవాళ్లు డాక్టర్ల మీద గొడవకు పోయేది ఇందుకే.

అందుకే చిన్నాయనకు ప్లేట్‌లెట్లను ఆపే మందులు. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం ఉండదు, కాబట్టి చెడిపోయిన ఎంజైమును మళ్లీ తయారుచేసుకోలేదు. ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్ బతికినన్నాళ్లూ, అంటే వారం పది రోజులూ, పనికిరాకుండా ఉంటుంది. 75 మిల్లీగ్రాముల చిన్న మాత్ర రోజుకొకటి సరిపోవడానికీ, పెద్ద ఆపరేషన్లకు ముందు కొన్నిసార్లు వారం రోజులు ఆపమనడానికీ కారణం ఒకటే.

బీడీ గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను, మీ చిన్నాయన ఇంకా తాగుతున్నారని రాశారు కాబట్టి. బీడీలు తాగే ముప్పై, నలభై ఏళ్ల మగవాళ్ల కాలి వేళ్లు నల్లబడి, తీసేయాల్సి వచ్చి, ఫార్మలిన్ డబ్బాలో మా దగ్గరికి వచ్చేవి. కొలెస్ట్రాల్ ఉండదు, షుగర్ ఉండదు. చిన్న ధమనీ, దాని పక్కనే ఉన్న సిరా, నరమూ అన్నీ కలిసి వాచి ముద్దయిపోయి ఉంటాయి, మధ్యలో గడ్డ. బర్జర్ జబ్బు అంటారు. లియో బర్జర్ 1908లో దీని గురించి వివరంగా రాశాడు. పొగాకు మానేస్తే జబ్బు ఆగుతుంది, మానకపోతే వేలి తర్వాత పాదం, పాదం తర్వాత మోకాలి కింద దాకా పోతుంది. ఒకే మనిషి పేరుతో రెండేళ్లలో మూడు డబ్బాలు రావడం నేను చూశాను.

ఇప్పుడు మీ నాయన. ఆయన సిర గోడలో అంబలీ లేదు, మూతా లేదు. జరిగింది వేరు. 1856లో జర్మనీలో రుడాల్ఫ్ విర్కో నాళాల్లో నెత్తురు గడ్డకట్టడం గురించీ, ఆ గడ్డ కదిలి వెళ్లి ఇంకోచోట ఇరుక్కోవడం గురించీ వివరంగా రాశాడు. ఆయన పేరుతోనే మేం ఇప్పటికీ మూడు కారణాలు చెబుతాం: నాళం గోడ దెబ్బతినడం, నెత్తురు నిలవడం, నెత్తురుకే గడ్డకట్టే గుణం పెరగడం. తుంటి విరిగిన మనిషికి మూడూ ఒకేసారి వస్తాయి. పడ్డప్పుడూ ఆపరేషన్‌లోనూ సిరలు నలుగుతాయి. గాయమైన ఒళ్లు గడ్డకట్టించే ప్రోటీన్లను ఎక్కువగా తయారుచేస్తుంది. ఇక మంచం పట్టడం. కాలి నుంచి నెత్తురు పైకి ఎక్కాలంటే దాన్ని తోసేది గుండె ఒక్కటే కాదు, పిక్క కండరం కూడా. నడిచినప్పుడల్లా అది సిరను పిండుతుంది, సిరలోని కవాటాలు నెత్తురు కిందికి జారకుండా ఆపుతాయి. నడక ఆగితే ఆ పంపు ఆగినట్టే.

కె.సి. కాలువ సుంకేసుల దగ్గర చూసినవాళ్లకూ, కింద ఆయకట్టు చివర చూసినవాళ్లకూ తేడా తెలుసు. జోరున్న చోట ఒండ్రు నిలవదు, నీళ్లు మందగించిన చోట, తూము మూల వెనక, పేరుకుంటుంది. సిరలో కూడా గడ్డ ఎక్కువగా కవాటం వెనక జేబులాంటి చోటే మొదలవుతుంది. అక్కడ నెత్తురు సుడి తిరుగుతూ నిలుస్తుంది, ఆక్సిజన్ తగ్గుతుంది, గోడ కణాల స్వభావం మారుతుంది. ఈ పోలిక ఇంతవరకే. ఒండ్రుకు ప్రాణం లేదు, ఎక్కడ వేస్తే అక్కడ ఉంటుంది. గడ్డ మాత్రం తనకు తాను పెరుగుతుంది. ఎడమ కాలికే ఎందుకు వచ్చిందని మీ అమ్మ అడిగారట. మంచి ప్రశ్న. పొత్తికడుపులో ఎడమ కాలి నుంచి వచ్చే పెద్ద సిర మీదుగా కుడి కాలికి పోయే ధమని దాటుతుంది, వెనక వెన్నెముక ఉంటుంది, రెండింటి మధ్యా సిర కొంచెం నలుగుతుంది. అందుకే ఎడమ కాలి గడ్డలు ఎక్కువ.

ధమనిలో కట్టింది కాబట్టి ఎకోస్ప్రిన్, సిరలో కట్టింది కాబట్టి అసిట్రోమ్ అని మరీ గిరి గీసినట్టు అనుకోకండి. రుమాటిక్ జ్వరం వల్ల గుండె కవాటం ఇరుకై, గుండె లయ తప్పినవాళ్లకు ఎడమ పై గదిలో గడ్డ కడుతుంది. అది పక్షవాతం తెస్తుంది, ధమనుల వైపు సమస్యే. అయినా వాళ్లకు ఇచ్చేది అసిట్రోమ్ జాతి మందే, ఎందుకంటే అక్కడ నెత్తురు నిలిచి కట్టింది. చూడాల్సింది గడ్డ ఏ నాళంలో ఉందని కాదు, ఎలా పుట్టిందని.

అసిట్రోమ్ కథ మన రైతులకు నచ్చే కథ. 1920లలో అమెరికా, కెనడాల్లో పశువులు చిన్న గాయానికే నెత్తురు కారి చచ్చేవి. బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్నవాటికే ఇలా అవుతోందని పశువైద్యులు గుర్తించారు. 1933 చలికాలంలో విస్కాన్సిన్ రైతు ఒకాయన చచ్చిన పెయ్యనూ, ఆ పాడైన గడ్డినీ, పాల క్యాను నిండా గడ్డకట్టని నెత్తురునూ బండిలో వేసుకుని మంచు తుఫానులో కార్ల్ లింక్ అనే శాస్త్రవేత్త ల్యాబు దాకా వచ్చాడు. ఆ గడ్డిలోని పదార్థాన్ని వేరుచేయడానికి వాళ్లకు ఆరేళ్లకు పైగా పట్టింది. దాని నుంచి పుట్టిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకొచ్చింది, 1954లో మనుషులకు మందయింది. అసిట్రోమ్ ఆ కుటుంబంలోదే. కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేసే 2, 7, 9, 10 నంబర్ల గడ్డకట్టించే ప్రోటీన్లను ఇది సరిగా తయారు కానివ్వదు.

పొట్ట మీద ఇంజెక్షనూ మాత్రా రెండూ ఎందుకు, డబ్బు గుంజడానికి కాదా అని రాశారు. కాదు. అసిట్రోమ్ వేసిన రోజున అప్పటికే నెత్తురులో తిరుగుతున్న ప్రోటీన్లు పనిచేస్తూనే ఉంటాయి. 7వ నంబరు కొన్ని గంటల్లో తగ్గుతుంది, పరీక్షలో అంకె పెరిగి మందు పట్టిందనిపిస్తుంది. అసలు బలమైన 2వ నంబరు సగానికి తగ్గడానికే రెండున్నర రోజులు కావాలి. పైగా గడ్డకట్టకుండా కాపాడే ప్రోటీన్ సి కూడా విటమిన్ కె మీదే ఆధారపడినది, అది కూడా మొదట్లోనే తగ్గుతుంది. అంటే మొదటి రెండు మూడు రోజులు మాత్ర ఒక్కటే ఇస్తే గడ్డ పెరిగే ప్రమాదం కూడా ఉంది. అందుకే కనీసం ఐదు రోజులు, ఐఎన్ఆర్ (నెత్తురు గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే పరీక్ష అంకె) 2 దాటి నిలిచేదాకా, హెపారిన్ ఇంజెక్షన్ కాపలా ఉంటుంది.

‘రక్తం పల్చన చేసే మందు’ అన్న మాట నాకు నచ్చదు. డాక్టర్లం కూడా అదే అంటాం, ఏం చేస్తాం, నోటికి అలవాటు. ఈ మందులు నెత్తురులో నీళ్లు కలపవు. పట్టుకుని చూస్తే చిక్కదనం అలాగే ఉంటుంది. నెత్తురు నిజంగా చిక్కబడే జబ్బు వేరే ఉంది, ఎర్రకణాలు మరీ ఎక్కువైతే వచ్చేది. మీ నాయనది అది కాదు. తేడా కళ్లారా చూడాలంటే మన చెనిక్కాయ చేలల్లో తిరిగే రక్తపింజర చాలు. అది కరిచిన మనిషి నెత్తురు రెండు మిల్లీలీటర్లు తీసి, కొత్త పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా పెట్టి, వంచి చూస్తాం. మామూలు నెత్తురైతే గడ్డ గొట్టంలో నిలుస్తుంది. కాటు పడ్డ మనిషిది నీళ్లలా జారుతుంది. ఎర్రకణాలు, చిక్కదనం అంతా ముందున్నట్టే. పోయింది ఒక్కటే, వల అల్లే సరుకు. పాము విషం 10వ నంబరు ప్రోటీన్‌నూ, 5వ నంబరునూ నేరుగా తట్టిలేపి, ఒళ్లంతా చిన్న చిన్న గడ్డలు కట్టించి, సరుకంతా ఖర్చు చేయిస్తుంది. ఆ తర్వాత కట్టడానికి ఏమీ మిగలదు. చేనులో పాము కరిచి వచ్చిన కూలీకి వార్డులో పెట్టే ఈ గొట్టం ముందు నిలబడి నేను నేర్చుకున్నంత గడ్డకట్టే శాస్త్రం ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. ఇదే విషాన్ని 1934 ప్రాంతంలో ఇంగ్లండులో హీమోఫీలియా (నెత్తురు సరిగా గడ్డకట్టని పుట్టుజబ్బు) ఉన్నవాళ్లకు పన్ను పీకిన చోట నెత్తురు ఆపడానికి వాడారు. ఈ రోజు కూడా గడ్డకట్టే ఒక రకం జబ్బును పట్టుకోవడానికి ల్యాబుల్లో, పలుచన చేసి, వాడుతున్నారు.

ఇక తిరుగుడు గురించి. ఐఎన్ఆర్ మామూలు మనిషికి ఇంచుమించు 1. మీ నాయనకు 2 నుంచి 3 మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ పెరుగుతుంది, మరీ పెరిగితే నెత్తురు కారుతుంది. ఈ పరీక్షకు కర్నూలే రావాలని లేదు, ఆదోనిలో నమ్మకమైన ల్యాబులో చేయించి రిపోర్టు డాక్టరుకు పంపొచ్చేమో అడగండి, ఎప్పుడూ ఒకే ల్యాబు అయితే మేలు. అది కూడా కష్టమైతే రివరాక్సబాన్, అపిక్సబాన్ లాంటి కొత్త మందులున్నాయి. వాటికి ఐఎన్ఆర్ అక్కర్లేదు. కొంచెం ఖరీదు, కిడ్నీ ఎలా ఉందో చూసి ఇస్తారు. మీరు అడగాల్సింది ఆ మార్పు గురించి, చిన్నాయన స్ట్రిప్పుల గురించి కాదు.

ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుందని విని కొంతమంది పూర్తిగా మానేస్తారు. అది కూడా తప్పే. పాలకూర పప్పో తోటకూరో వారానికి రెండుసార్లు తినే ఇల్లయితే రెండుసార్లే తినమనండి. తగ్గకూడదు, పెరగకూడదు. నాకు ఎక్కువ భయం ఆకుకూర కాదు, ఊళ్లో సూది. తుంటి నొప్పికి ఆర్ఎంపీ దగ్గరకు పోయి డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటే, సూది పొడిచిన చోట కండలో నెత్తురు గూడు కడుతుంది, కడుపులో పుండు పడుతుంది. విరేచనాలకు తెచ్చుకునే మెట్రోనిడజోల్ లాంటి మాత్రలు కూడా ఐఎన్ఆర్‌ను పెంచేస్తాయి. ఏ డాక్టరు దగ్గరకు పోయినా ముందు ‘అసిట్రోమ్ వాడుతున్నా’ అని చెప్పమనండి. వెల్లుల్లి పచ్చడిలో తినడానికి అభ్యంతరం లేదు, మందుగా రెబ్బలు మింగించొద్దు. తారులా నల్లటి విరేచనం, ఆగని చిగుళ్ల నెత్తురు, తలకు దెబ్బ తగిలాక తలనొప్పి, ఇవి ఉంటే ఐఎన్ఆర్ తేదీ దాకా ఆగకండి.

నూనె పెట్టి తోమడం గురించి రాయడానికి నాకు చెయ్యి రాదు. అయినా రాయాలి.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు మా పెద్దనాయనకు డోన్ దగ్గర ఊళ్లో జ్వరం వచ్చి రెండు వారాలు మంచం దిగలేదు. నేను సెలవు రోజు పోయి చూశాను. పిక్క వాచింది, ముట్టుకుంటే వెచ్చగా ఉంది, రెండు కాళ్ల పిక్కల చుట్టుకొలత టేపుతో కొలిచి పోల్చాలని అప్పటికి నెల కిందటే క్లాసులో నేర్చుకున్నాను. కొలవలేదు. పడుకుని పడుకుని నీరు దిగింది, తగ్గుతుందిలే అన్నాను. డాక్టరు అబ్బాయే తగ్గుతుందన్నాడని ఇంట్లో వాళ్లు ఆముదం కాచి మూడు రోజులు పిక్క నుంచి తొడ దాకా గట్టిగా తోమారు. నాలుగో రోజు తెల్లవారుజామున బయటికి వెళ్దామని లేచి, గడప దాటకుండానే గుండె పట్టుకుని కూలిపోయాడు. కోసి చూసిన వాళ్లెవరూ లేరు. తర్వాత ఉద్యోగంలో అలాంటి మరణాలు కోసినప్పుడు ఊపిరితిత్తులకు పోయే ధమని చీలే చోట వేలంత మందం గడ్డ మడతలు పడి ఇరుక్కుని కనిపించేది. జాగ్రత్తగా విప్పితే కాలి సిర పొడుగు, దాని మీద సిర కవాటాల అచ్చులు. ప్రతిసారీ నాకు ఆ ఆముదం వాసన వచ్చేది.

కాబట్టి తోమొద్దు, కాపడం పెట్టొద్దు. కాలు కింద దిండు పెట్టి కొంచెం ఎత్తులో ఉంచండి. మందు పట్టాక నడవడం మంచిదే, తుంటి ఆపరేషన్ డాక్టరు ఎంత బరువు మోపమంటే అంత. బిగుతు సాక్సు వాళ్లు చెబితేనే. మంచినీళ్లు తగ్గనివ్వకండి, మన ఎండల్లో ముఖ్యంగా. మన వైపు బాలింతకు తాగడానికి నీళ్లివ్వకుండా ఎండగట్టే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. కాన్పు తర్వాత అసలే గడ్డకట్టే గుణం ఎక్కువ, దానికి ఇది తోడైతే మెదడు సిరల్లో గడ్డ కట్టి, తలనొప్పి, ఫిట్స్‌తో వస్తారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించి ఆలస్యం చేసిన కేసులు నాకు తెలుసు. మీ నాయనకు ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఊపిరి తీస్తే గుచ్చినట్టు నొప్పి వచ్చినా, దగ్గులో నెత్తురు పడినా, కళ్లు తిరిగి పడినా 108కు ఫోన్ చేయండి, ఆటో వెతుక్కోవద్దు.

కట్టిన గడ్డను అసిట్రోమ్ కరిగించదు, పెరగకుండా ఆపుతుంది. కరిగించేది ఒంట్లోనే ఉన్న ప్లాస్మిన్ అనే ఎంజైము, మిగిలిన దాంట్లోకి కొత్త కణాలు పాకి, సన్నటి దారులు తొలుస్తాయి. దీనికి నెలలు పడుతుంది. ఆపరేషన్ లాంటి స్పష్టమైన కారణంతో వచ్చిన గడ్డకు మామూలుగా మూడు నెలలు మందు వాడతారు. వాపు తగ్గింది కదా అని నెలకే ఆపొద్దు.

మీకు పరీక్షలు అవసరమా అంటే, నా లెక్కలో ఇప్పుడు అక్కర్లేదు. నలభై లోపు కారణం లేకుండా గడ్డ కట్టినా, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి అలా జరిగినా పుట్టుకతో వచ్చే లోపాలు వెతకాలి. 61 ఏళ్ల మనిషికి తుంటి విరిగాక వచ్చిన గడ్డకు కారణం తుంటే. ల్యాబువాడిగా నా బాధ ఇంకొకటి. గడ్డ కట్టిన వారంలోనే, అసిట్రోమ్ వాడుతుండగానే, వేలకు వేలు పోసి నాయనకు ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్ పరీక్షలు చేయిస్తారు. మందు వల్లే అవి తగ్గి కనిపిస్తాయి. ఆ కాగితం పట్టుకుని, మా వంశంలోనే ఈ జబ్బు ఉందంటూ ఇంటిల్లిపాదీ టెన్షన్ పడతారు. మీ బంధువు చెప్పిన ప్యాకేజీకి డబ్బు కట్టకండి.

చివరిగా, మీరు అడగనిది ఒకటి. చిన్నాయన దగ్గర రెండు స్ట్రిప్పులు ఎందుకు మిగిలాయి? డాక్టరు లెక్క ప్రకారం నెలకు ఇచ్చిన మాత్రలు నెలకు అయిపోవాలి. స్టెంట్ అంటే ధమనిలో పెట్టిన లోహపు జల్లెడ. దాని మీద ఎండోథీలియం పొర పరుచుకునేదాకా ప్లేట్‌లెట్లకు అది పరాయి వస్తువు, అంటుకోవడానికి కాచుకుని ఉంటాయి. గుండెపోటు తర్వాత సాధారణంగా ఏడాది దాకా రెండు మాత్రలూ తప్పనిసరి అనేది అందుకే, ఆయనకు ఎనిమిది నెలలే అయింది. కడుపులో మంట అని మానేశారా, పన్ను పీకించుకోవడానికి ఆపి మళ్లీ మొదలుపెట్టలేదా, మర్చిపోతున్నారా? ఈ రాత్రే ఫోన్ చేసి అడగండి. రోజూ వేసుకోవడం లేదంటే రేపు పొద్దున్నే గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, ఆ స్ట్రిప్పులు కూడా చేత్తో పట్టుకుని.